గుండె చెరువు కాదు

2025 ఆగస్టు 27వ తేదీన మా కామారెడ్డి జిల్లాలో కురిసిన కుంభవృష్టిని ఈ ప్రాంతంవారు ఇప్పట్లో మరువలేరు. ఆలేరు వాగుకు అడ్డంగా నిజాం కాలంలో కట్టి 1922లో పూర్తి చేసిన పోచారం ప్రాజెక్టుకు ఆనాడు వచ్చిన వరద, దానిని కట్టినవారి లెక్కలను దాటిపోయింది. కట్ట ఒక పక్క మన్ను కోసుకొనిపోతున్నదన్న వార్త పాకగానే దిగువ గ్రామాలవారు పిల్లలను, వృద్ధులను వెంటబెట్టుకొని మెరక ప్రాంతాలకు తరలినారు. నూరేండ్లు దాటిన రాతికట్ట నిలిచింది. క్రమంగా నీరు తీసింది. వైద్యులకు పని ఆ తరువాతనే మొదలైంది.

సెప్టెంబరు నెలంతా నా వద్దకు వచ్చినవారిలో గుండెదడ, నిద్రలేమి, అన్నం సయించకపోవడం చెప్పనివారు అరుదు. నాడి చూచి, అవసరమనిపించినవారిని ఈసీజీకి, రక్తపరీక్షకు కామారెడ్డి పంపించాను. కొందరిలో రక్తహీనత, థైరాయిడ్ దోషం బయటపడ్డాయి. వారి చికిత్స వేరు. తక్కినవారి శరీరంలో ఎంచదగిన దోషం ఏమీ కనిపించలేదు. వారిలో నలుబది దాటిన ఒక గృహిణి ఉన్నది. ఆ రాత్రి నడవలేని అత్తగారిని ట్రాక్టరు ఎక్కించి, పశువుల పగ్గాలు విప్పి, చిట్టచివరకు ఇల్లు వదిలిన మనిషి. ఊరంతా ఆమె ధైర్యాన్ని మెచ్చుకొన్నది. నాటి నుండి ఆమె కంట చుక్క నీరు రాలేదు. కాని రేకుల కప్పు మీద చినుకు శబ్దమైతే చాలు, ఏ అర్ధరాత్రి అయినా లేచి వాకిట్లోకి వచ్చి నీరు చూచుకొంటున్నది. “గుండె చెరువైంది అయ్యగారూ, ఎట్ల తోడాలె?” అని అడిగింది.

ఆ ప్రశ్న నన్ను చాలా దినాలు వెంటాడింది. మన భాషలో మనస్సును గూర్చిన మాటలలో ఎన్ని నీటి మాటలో చూడండి. దుఃఖం పొంగుకొని వస్తుంది, కోపం కట్టలు తెంచుకొంటుంది, ప్రేమ ఉప్పొంగుతుంది, గుండె చెరువవుతుంది. చెరువుల మీద బ్రతికే జాతికి ఇటువంటి మాటలు పుట్టడం సహజమే. అయితే మాటకు అందమైనది వైద్యానికి సరిపడకపోవచ్చు. లోపల కోపమనే నీరు నిలువ ఉన్నదని నమ్మితే రెండే దారులు కనిపిస్తాయి. తూము మూసి బిగబట్టడం ఒకటి, తూము ఎత్తి వదిలివేయడం రెండవది. మన ఇండ్లలో స్త్రీలకు మొదటి దారి, పురుషులకు రెండవ దారి కేటాయించి పెట్టుకొన్నాము. ఆమె ఏడవరాదు, ఆయన అరవవచ్చు!

ఈ పొరపాటులో నాకూ భాగమున్నది. సుమారు 30 ఏండ్ల క్రితం ఒక ఉద్యోగి భార్య తలనొప్పికి మందు కోసం నా వద్దకు వచ్చింది. మాటల్లో అసలు సంగతి తెలిసింది. భర్త ప్రతి సాయంకాలం ఇల్లు అదిరేటట్లు అరుస్తాడు, కంచం విసురుతాడు. నేను ఆయనది పిత్తప్రకృతి అని నిర్ణయించి, చల్లబరచే ఔషధం ఇచ్చి, “లోపలి వేడి బయటికి పోనీయమ్మా, అడ్డు చెప్పకు, లోపల దాచుకొంటే ఆయనకే ప్రమాదం” అని హితవు చెప్పాను. ఆమె నా మాట వేదవాక్కుగా పాటించింది. ఎనిమిదేండ్ల తరువాత కుమారుని ఇంటికి వెళ్లిపోతూ ఒకసారి కనిపించి అన్న మాట నేటికీ చెవిలో ఉన్నది. “మీరు చెప్పినట్టే ఊకున్న అయ్యగారూ. ఆయన కోపం ఒడువలేదు, నా ఓపికనే ఒడిసింది.”

కోపం కక్కితే తగ్గుతుందన్న నమ్మకం మన ఒక్కరిదే కాదు. 1895లో వియన్నా నగరంలో బ్రాయర్, ఫ్రాయిడ్ అనే వైద్యులు ఉన్మాదసదృశమైన రోగాలపై వ్రాసిన గ్రంథంలో, అణగి ఉన్న ఉద్వేగం వెలికి వస్తే రోగం శమిస్తుందన్న భావాన్ని ప్రచారంలోకి తెచ్చినారు. దిండును గుద్దండి, గది తలుపు వేసుకొని అరవండి అనే సలహాలు ఆ దారిలోనే వచ్చాయి. 2002లో అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు 600 మంది విద్యార్థులతో దీనిని పరీక్షించి చూచినాడు. ముందు వారికి కోపం తెప్పించినారు. ఆపై కొందరిని, కోపం తెప్పించినవానిని తలచుకొంటూ ఇసుకబస్తా వంటి సంచీని గుద్దమన్నారు. మరికొందరిని ఏమీ చేయక ఊరకే కూర్చోబెట్టినారు. గుద్దినవారికే కోపం ఎక్కువగా మిగిలింది. ఊరకే కూర్చున్నవారే మేలు.

ఎందుకిట్లా జరుగుతుంది? ఇక్కడ మెదడు పని తెలుసుకోవలసి ఉన్నది.

మెదడుకు ఇరుపక్కలా, కణతల వెనుక లోతున, బాదంపప్పు ఆకారంలో అమిగ్డలా అనే చిన్న భాగాలు రెండున్నాయి. కంటికి, చెవికి తగిలినది మేలా కీడా అన్నది వివరంగా తెలియకముందే పసిగట్టడం వాటి ముఖ్యమైన పనులలో ఒకటి. కీడు అనిపించిన మరుక్షణం హైపోథలామస్ అనే కేంద్రానికి కబురు పోతుంది. అక్కడి నుండి నరాల ద్వారా, మూత్రపిండాల మీద టోపీల వలె కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు ఆజ్ఞ అందుతుంది. అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది. గుండె వేగిరపడుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కండరాలకు రక్తం మళ్లుతుంది, జీర్ణక్రియ వెనుకబడుతుంది. నా రోగులకు అన్నం సయించకపోవడానికి కారణం జఠరాగ్నిలో లేదు. పరుగెత్తవలసిన ఘడియలో మెదడు భోజనాన్ని వాయిదా వేసింది. ఈ శరీరవార్తలన్నీ తిరిగి మెదడుకే చేరుతాయి. “గుండె ఇంత వేగంగా కొట్టుకొంటున్నదే, తప్పక ఏదో జరుగుతున్నది” అని మెదడు మరింత నమ్ముతుంది.

నుదుటి వెనుక ఉన్న భాగం ఇంటి పెద్ద వంటిది. “ఇది రేకుల మీది చినుకు, కట్ట తెగిన చప్పుడు కాదు” అని గుర్తుచేసి తక్కిన భాగాలను శాంతింపజేసేది అదే. ఇది నేను సులభం కోసం చెబుతున్న లెక్క. భయమంతా ఒక అమిగ్డలాలోనే కాపురమున్నదని నేటి శాస్త్రజ్ఞులు అనడం లేదు. అనేక భాగాలు కలసి, శరీరస్థితిని, పూర్వానుభవాన్ని, ఎదుటి సందర్భాన్ని జోడించి ఆ క్షణానికి ఒక భావాన్ని తయారు చేస్తాయని చెబుతున్నారు. గృహిణులకు తెలిసే మాటలో చెప్పాలంటే, నిన్నటి కోపం ఏ కుండలోనూ నిలువ ఉండదు. తలచిన ప్రతిసారీ మెదడు దానిని కొత్తగా వండుతుంది. తిట్టిన మనిషిని తలచుకొంటూ అరిచేవాడు పొయ్యిలో కట్టె ఎగదోస్తున్నాడే కాని, కుండ ఖాళీ చేయడం లేదు.

మా పోచారం అభయారణ్యంలో జింకలున్నాయి. ఆకు కదిలితే చెవులు నిక్కించి గంతు వేస్తాయి. అపాయం లేదని తోస్తే కొద్దిసేపటికే తలవంచి మేతకు దిగుతాయి. మనిషికి ఆ సౌఖ్యం లేదు. అతనికి భాష ఉన్నది, రేపు ఉన్నది. గడచిపోయిన వరదను నోటితో, మనస్సుతో నూరుసార్లు తిరిగి రప్పించుకోగలడు.

మరి బిగబట్టితే? అదీ మేలు కాదు. జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1998లో ప్రకటించిన పరిశోధనలో జుగుప్స కలిగించే చలనచిత్రాన్ని చూపి, కొందరిని ముఖంలో ఏ భావమూ కనబరచవద్దన్నాడు. మరికొందరిని ఆ దృశ్యాన్ని తటస్థంగా తలచి చూడమన్నాడు. మొదటివారు ముఖాన్ని బిగించగలిగినారు, కాని లోపలి జుగుప్స తగ్గలేదు సరికదా, శరీరంలో ఉద్రేక లక్షణాలు పెరిగినాయి. రెండవవారికి జుగుప్సయే తగ్గింది. మూసిన మొగంతో ఇంట తిరిగే కోడళ్ల తలనొప్పులు, గ్యాసు బాధలు చూస్తూ వచ్చిన నాకు ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించలేదు.

ఇక మన శాస్త్రం మాట. గురువుగారి ఇంట తెల్లవారుజామున చరక సంహితను వల్లె వేసిన దినాలలో, వేగాలను గూర్చిన అధ్యాయం నాకు కంఠస్థం. అర్థం మాత్రం నలుబది ఏండ్లకు గాని ఒంటబట్టలేదు. నిరోధించరాని వేగాలని చరకుడు పదమూడు చెప్పినాడు: మలమూత్రాలు, తుమ్ము, ఆవలింత, ఆకలి, దప్పిక, నిద్ర మొదలైనవి. వాటిని ఆపితే రోగాలు వస్తాయన్న మాట మన ఇండ్లలో అందరికీ తెలుసు. “వేగం ఆపరాదు కదా, అందుకే కోపం ఆపను” అని నాతో వాదించినవారున్నారు. ఆ పదమూడింటిలో కోపం లేదు! అదే అధ్యాయంలో కొంచెం ముందుకు పోతే, తప్పక పట్టి నిలపవలసిన వేగాల పట్టిక ఉన్నది. లోభం, శోకం, భయం, క్రోధం, గర్వం, ఈర్ష్య అందులోనివి.

ఇంతకంటె సూక్ష్మమైన సంగతి ఒకటున్నది. శోకం పట్టి నిలపవలసినవాటిలో ఉన్నది. కన్నీరు మాత్రం ఆపరానివాటిలో ఉన్నది. కన్నీటిని ఆపితే పడిశం, నేత్రరోగం, హృద్రోగం, అరుచి, భ్రమ కలుగుతాయని కూడా చెప్పబడింది. ఒకే దుఃఖానికి రెండు ఆజ్ఞలా అని విద్యార్థిగా తికమకపడినాను. ఇప్పుడు నాకు తోచే అర్థమిది: శోకం ఈడ్చుకొనిపోయే చోటికల్లా మనస్సును పోనీయవద్దు, అన్నం మానవద్దు, మంచం పట్టవద్దు, కాని కన్ను తడి అయితే కానీ. పండితులు వేరుగా చెప్పవచ్చు. నేను చికిత్సలో దీనినే పాటిస్తున్నాను.

మన తెలంగాణ గ్రామాలలో మరణం సంభవించిన ఇంట స్త్రీలు శోకాలు పెట్టి ఏడుస్తారు. పోయినవారి గుణాలను, తమకు కలిగిన లోటును పేరుపేరునా చెబుతూ, ఒకరి భుజంపై ఒకరు వాలి ఏడుస్తారు. పట్టణాలకు చేరి నాలుగక్షరాలు నేర్చిన మనకు అది మోటుగా కనిపించింది. ఇప్పుడు శవం ఉన్న ఇంట టీవీ వార్తల గొంతులో మాట్లాడుకొంటున్నాము. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం, భయకోపాలు కనిపించే ముఖచిత్రాలను చూపి, ఆ భావానికి పేరు పెట్టమన్నప్పుడు అమిగ్డలా చలనం తగ్గి, నుదుటి వెనుక భాగంలో పని పెరిగిందని మెదడు చిత్రాలలో చూచింది. శోకం పెట్టే మా పెద్దమ్మలు చేసినది అదే కదా, దుఃఖానికి పేరు పెట్టడం! ఏడుపును గూర్చిన పరిశోధనలలో మరొకటి తేలింది. ఏడ్చినవారందరికీ ఊరట కలగదు. దగ్గర ఆదరించే మనిషి ఉన్నవారికి ఎక్కువగా కలుగుతుంది. కన్నీటి మేలు కారిపోయిన నీటిలో కంటె, అది చూచి దగ్గరకు వచ్చిన మనిషిలో ఉన్నదని నా అభిప్రాయం.

ఈ సందర్భంలో నా తోటి వైద్యులతో ఒక పేచీ ఉన్నది. మెదడును గూర్చి ఏ కొత్త సంగతి వచ్చినా, “ఇది మా ఋషులకు ఏనాడో తెలుసు, సాధకపిత్తమంటే డోపమైనే” అని వేదికలెక్కి చెప్పేవారిని చూస్తున్నాను. సాధకపిత్తం హృదయంలో ఉంటుందని వాగ్భటుడు చెప్పినాడు. మనస్సుకు స్థానం హృదయమని చరకుడు భావించినాడు. భేల సంహిత మాత్రం మనస్సు శిరస్సుకు, తాలువుకు నడుమ ఉంటుందన్నది. అంటే మన పూర్వులలోనే భిన్నాభిప్రాయం ఉన్నది, వారు దానిని దాచలేదు. మనము దాచడమెందుకు? భయానికి గుండె కొట్టుకోవడం చూచి స్థానం గుండె అనుకోవడం మంచి పరిశీలనే. దానిని పుట్టించేది తలలో ఉన్నదని తరువాత తెలిసింది. ఒప్పుకొంటే ఆయుర్వేదానికి వచ్చిన నష్టం లేదు.

నిజానికి ఆ తెలియడంలో మన మూలిక ఒకటి పాలు పంచుకొన్నది. సర్పగంధను తెలుగులో పాతాళగంధి అంటారు. ఉన్మాదానికి, రక్తపు పోటుకు అది పనిచేస్తుందని 1931లో కలకత్తాకు చెందిన గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ ప్రకటించినారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపు పోటుపై దాని గుణాన్ని ఇంగ్లండు పత్రికలో వ్రాసి లోకదృష్టికి తెచ్చినాడు. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థవారు అందులోని రిసర్పిన్‌ను వేరు చేసినారు. అది మెదడు నరాలలోని సెరొటోనిన్, నార్ అడ్రినలిన్, డోపమైన్ నిల్వలను హరిస్తుందని తేలింది. ఆ మందు వాడిన కొందరిలో తీవ్రమైన దిగులు కనిపించడంతో, మన భావాలకు ఈ రసాయనాలకు సంబంధమేమిటన్న అన్వేషణ ఊపందుకొన్నది. రిసర్పిన్‌తో కదలక పడిన కుందేళ్లను ఎల్-డోపా ఇచ్చి లేపిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్‌సన్‌కు, డోపమైన్‌పై చేసిన కృషికి 2000 సంవత్సరంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కథ విని గర్వించండి, కాని ఆ వేరును ఇంట నూరుకొని తాగవద్దు. అంత శక్తి ఉన్నదానికి అంత ప్రమాదమూ ఉన్నది. రక్తపు పోటు మందులు, మానసిక వైద్యుల మందులు వాడేవారు అసలే తాకరాదు.

మందుల ప్రస్తావన వచ్చింది కనుక మరొక మాట. ఈ పత్రిక చదివి చిట్కాల కోసం నాకు ఉత్తరాలు వ్రాసేవారిలో, డాక్టరు ఇచ్చిన దిగులు మాత్రలు మానివేసి సరస్వతి ఆకు రసం తాగవచ్చునా అని అడిగేవారున్నారు. వద్దు. సొంతంగా మానవద్దు. వరద తరువాత నా వద్దకు వచ్చినవారిలో ఒక రైతు, పంట కొట్టుకొనిపోయి, బ్రతకాలని లేదన్నాడు. నేను నాడి కూడా చూడలేదు. ఆనాడే అతని తమ్ముని తోడిచ్చి మానసిక వైద్యుని వద్దకు పంపించాను. “ఎర్రగడ్డకు పంపుతున్నరా అయ్యగారూ?” అని తమ్ముడు గొణిగినాడు. ఒక దవాఖానా ఉన్న ఊరి పేరును తిట్టుగా మార్చుకొన్న మన నాలుకకు వాత పెట్టాలి. గుండెకు, కాలేయానికి జబ్బు చేసినట్లే మెదడుకూ చేస్తుంది. ఊరు కదలలేనివారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవ అది. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంట చేయదగినదేమిటని అడిగితే, మొదట నిద్రను కాపాడుకోమంటాను. 2007లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఒక రాత్రంతా నిద్ర లేనివారికి బాధాకరమైన చిత్రాలు చూపితే, నిద్రపోయినవారి కంటె అమిగ్డలా 60 శాతం అధికంగా స్పందించింది. పిల్లలను దండించే తల్లిదండ్రులు ముందు తమ నిద్ర లెక్క చూచుకోవాలి! గోరువెచ్చని నువ్వుల నూనెతో తలకు, అరికాళ్లకు మర్దన, ప్రొద్దుగలుగనే తేలికపాటి భోజనం, పడకగదిలో సెల్‌ఫోను లేకుండడం నేను చెప్పే ఔషధాలు. కోపం వచ్చినప్పుడు ఆ చోటు విడిచి పొమ్మంటాను. పోయిన చోట తిట్టిన మనిషిని తలపోయక, నాలుగు అంకెలు లెక్కించేంత సేపు ఊపిరి పీల్చి, ఆరు అంకెల సేపు వదలమంటాను. ఊపిరి నెమ్మదిస్తే గుండె నెమ్మదిస్తుంది, గుండె నుండి మెదడుకు పోయే కబురు మారుతుంది. వేడి తగ్గిన తరువాత వచ్చి, చెప్పవలసిన మాట తప్పక చెప్పాలి. ఓర్చుకోమని నేను ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదు, కంచాలు విసిరే ఇంట్లో అసలే చెప్పను.

ఆ గృహిణికి నేను ఇచ్చిన మందు స్వల్పం. తల్లిగారింటి నుండి ఆమె అక్కను పిలిపించి పది దినాలు ఉండమన్నాను. ఆ రాత్రి జరిగినది మొదటి నుండి చివరి దాకా, పగటిపూట, అక్కతో వరుసగా చెప్పమన్నాను. మూడవనాడు పశువుల పగ్గాలు విప్పిన ఘట్టానికి వచ్చేసరికి ఏడ్చిందట, అక్క ఆపలేదట. తరువాత ఎండ కాసిన ఒకనాడు తోటికోడలిని వెంటబెట్టుకొని పోచారం కట్ట కనిపించేంత దూరం నడచి రమ్మన్నాను. మొదటిసారి సగం దారిలో వెనుదిరిగింది. నాలుగవసారికి కట్ట దగ్గర కూర్చొని మొక్కజొన్న కంకి తిని వచ్చింది. భయం చెరిపితే చెరగదు; దాని పక్కన “ఇక్కడ కూర్చున్నాను, ఏమీ కాలేదు” అనే కొత్త పాఠం మెదడు వ్రాసుకోవాలి. దానికి పుస్తకం చాలదు, కాళ్లతో నడవాలి.

అక్టోబరు చివర మళ్లీ ముసురు పట్టింది. వారం తరువాత ఆమె వచ్చినప్పుడు, రాత్రిళ్లు ఎన్నిసార్లు లేచినావని అడిగాను.

“రెండుసార్లు లేచిన అయ్యగారూ. రెండోసారి బర్రెకు ఇంత గడ్డి వేసి పండుకున్న.”